నానమ్మ తుపాకీ నంబరు

ఎన్నికలొచ్చాయి, లైసెన్సు తుపాకులు స్టేషన్లో అప్పగించమన్న వార్త మొన్న చదవగానే నాకు కొబ్బరినూనె వాసన గుప్పుమంది. మొక్కజొన్న చేలో పందుల్ని బెదరగొట్టే తుపాకీకి మా నానమ్మ ఆ నూనే పట్టించేది. సత్తుపల్లి మిత్రులారా, ఓట్లయ్యాక తుపాకుల కోసం స్టేషన్ ముందు మన పెద్దలు కట్టిన వరస గుర్తుందా?

ఒకసారి కానిస్టేబుల్ ఓ తుపాకీ అందించాడు. నానమ్మ గొట్టం కింద చెక్కిన నంబరును బొటనవేలితో తడిమి వెనక్కిచ్చేసింది.

"ఇది మాది కాదు. మాది ఇంగ్లీషోళ్ల కాలంది, కిరీటం ముద్ర ఉంటది. నంబరుల ఆఖరి అంకె అరిగి నున్నగుంటది."

"అన్నీ గిట్లనే ఉంటయ్ అవ్వా, తీస్కపో."

"నంబరు తేడా వస్తే లైసెన్సు పోతది. బుక్కు తీసి చూడు బిడ్డా."

చూశాడు. లోపలికెళ్లి మా తుపాకీ తెచ్చాడు. సంతకం పెట్టమన్నాడు.

నంబరు చదివిన ఆ బొటనవేలినే ఇంకులో అద్ది, నానమ్మ రిజిస్టరులో ముద్ర వేసింది.