పురుగు ముట్టింది

ఉప్పల్‌లో మేం అద్దెకున్న ఇంటి పక్కన ఖాళీ ప్లాటు, అందులో రాళ్ల కుప్ప. ఇక ఎలుకల సంగతి చెప్పాలా? ప్లాస్టిక్ డబ్బాల మూతలు కూడా కొరికేసేవి. నేను ఎలుకల మందు కొనుక్కొస్తే, ఇంటి ఓనరు ముసలమ్మ నా చేతిలోంచి లాగేసుకుంది.

"మందు పెట్టకు బిడ్డా. రాళ్లల్ల మన పురుగున్నది, గది గూడ సస్తది. ఎల్కల ఫికర్ నీకొద్దు."

పురుగు చస్తే మంచిదేగా, ఈవిడ బాధేమిటి? చాదస్తం అనుకున్నాను. కాకినాడ టౌన్లో పెరిగిన నాకు పురుగంటే బియ్యంలో పురుగే.

నేను నాచారంలో ఓ చిన్న బడిలో లెక్కలు చెప్పేదాన్ని. నాలుగేళ్ల మా పాప పగలంతా ముసలమ్మ దగ్గరే ఉండేది. ఓ రోజు మూడో పీరియడ్‌లో బడి ఆఫీసుకు ఆవిడ ఫోన్ చేసింది.

"పాపకు పురుగు ముట్టింది బిడ్డా, జల్ది రా!"

వెనక పాప ఏడుపు. చీమో, గొంగళిపురుగో అయ్యుంటుంది. "కాస్త పసుపు రాయండి పెద్దమ్మా, బెల్లయ్యాక వస్తా" అన్నాను. ఆవిడ ఇంకా ఏదో అంటూనే ఉంది, విసుక్కుని పెట్టేశాను. క్లాసుకెళ్లి భాగహారాలు చేయించాను.

బెల్లయ్యాక, నవ్వుతూనే, బడి ఊడ్చే ఆయమ్మకు ఫోన్ సంగతి చెప్పాను. ఆవిడ చేతిలో చీపురు పడేసింది.

"అయ్యో టీచరమ్మా! పురుగంటే పాము. ముట్టిందంటే కరిసిందని. మావోళ్లు దాని పేరు తియ్యరు. ఉరుకు!"

ఆటోలో ఎలా కూర్చున్నానో తెలియదు. బతికుందా? పసుపు రాయమన్నానే, నా నోరు పడిపోను! సిగ్నల్ దగ్గర ఆటో ఆగితే దిగి పరిగెత్తబోయాను, డ్రైవరు చెయ్యి పట్టుకుని ఆపాడు. ఇంటికి తాళం. "దవాఖానకు తీస్కపోయిన్రు" అంది పక్కింటావిడ. ఆసుపత్రి వీధి చివరే. గుమ్మం దాకా వెళ్లి, లోపలికి అడుగు వేయలేకపోయాను. లోపల ఏం చూడాల్సి వస్తుందోనని అంత భయం.

చివరికి తలుపు తోశాను. పాప బెంచీ మీద, ముసలమ్మ ఒళ్లో ఉంది. వేలికి కట్టు.

"జెర్రిపోతండీ, విషం ఉండదు" అన్నాడు డాక్టరు.

"ఎల్కలను దినుకుంట దాని పాటికది ఉండె. ఈ పిల్ల పోయి తోక గుంజింది" అంది ముసలమ్మ.

కింద కూలబడి భోరుమన్నాను. పాప ఏడవలేదు. నా వంకే చూస్తూ అడిగింది.

"ఫోన్ల నేను ఏడ్సిన గద. ఎందుకు రాలే అమ్మా?"