ట్రాన్స్‌ఫార్మర్ చందా

జూలూరుపాడు దగ్గర మా చేలకు కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే బండి కిరాయికనీ ఇంకోటనీ రైతులం చందా వేసుకునేవాళ్లం, వినాయక చవితికి వేసుకున్నట్టే. అందులో లైన్‌మన్‌కిచ్చేది ముందే తీసి పక్కన పెట్టేవాళ్లు. దాన్ని లంచమంటే మా బావ, అంటే మా ఆయన అన్న, నొచ్చుకునేవాడు. మర్యాద అనాలట! నాకు ఒళ్లు మండేది.

ఆ ఏడు మిర్చి పూత మీదుండగా ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. కరెంటాఫీసువాళ్లే బండిలో తెచ్చి మార్చాలి, రైతు పైసా ఇవ్వనక్కర్లేదు. ఆ మాట వాళ్ల ఆఫీసు గోడ మీదే రాసుంది. చందా చేతిలో పడేదాకా స్తంభం వైపు చూడనని లైన్‌మన్ మా బావ ఎదుటే నాతో అన్నాడు. చెట్లు వాడిపోతున్నాయి. ఖమ్మం వెళ్లి అవినీతి నిరోధక అధికారులకు ఫిర్యాదు చేశాను. కంటికి కనబడని పొడి పూసిన నోట్లిచ్చి పంపారు. అవి తీసుకున్న లైన్‌మన్‌ను అధికారులు పట్టుకుని, రసాయనం కలిపిన నీళ్లలో చేతులు కడిగిస్తే నీళ్లు ఎర్రబడ్డాయి. మర్నాడు ఆఫీసు బండిలోనే ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. అందరి మిర్చీ బతికింది.

కేసు ఏళ్లు నడిచింది. మా ఇద్దరికీ సాక్ష్యానికి పిలుపు రాగానే బావ మా ఇంటికొచ్చాడు.

"పిల్లలు గలోడమ్మా. వాని పొట్టెందుకు కొడ్తవ్? అడగలేదని చెప్తే అయిపాయె."

"మన చేను ఎండుతున్నప్పుడు వానికి మన పిల్లలు యాదికొచ్చిన్రా బావా?"

బావ లేచి వెళ్లిపోయాడు. తర్వాత కోర్టులో "నాకేం తెల్వదు సార్" అని చేతులు దులుపుకున్నాడు. ఆ రోజు బావ మీద వచ్చినంత కోపం నాకు లైన్‌మన్ మీద కూడా రాలేదు. నేను బోనెక్కి ఉన్నదున్నట్టు చెప్పాను. లైన్‌మన్‌కు శిక్ష పడింది.

మొన్న వానాకాలం ట్రాన్స్‌ఫార్మర్ మళ్లీ కాలింది. ఫోన్ చేస్తే కొత్త లైన్‌మన్ ఆఫీసు బండి వెంటబెట్టుకుని వచ్చాడు. పనయ్యాక చూద్దును కదా, మా బావ నోట్ల మడతతో అతని వెంట పడుతున్నాడు. నాకు తెలియకుండా మళ్లీ చందా ఎత్తాడన్నమాట!

"ఉంచుండ్రి సార్, ఛాయ్‌కి."

లైన్‌మన్ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "వద్దు పెద్దాయనా. నా ముందటోని గతి నాకెందుకు?" అని బండెక్కేశాడు.

బావ నా వైపు తిరిగాడు. "చూసినవా, గింత పొగరేంది వీనికి?"

"ఎవరి పైసలు వాళ్లకిచ్చి రా బావా. ఇప్పుడే," అని అరిచాను. పక్క చేలో కూలీలు తలెత్తి చూశారు. చూడనీ.