జహనుమాలో నా కొలత గిన్నెలు

మా అన్నయ్య కూతురు ప్రజారోగ్య పోషణ, ఆహార విధానాల మీద ఎమ్మెస్సీ చదువుతూ మా ఇంట్లోనే ఉంటోంది. మొన్న సాయంత్రం పాతబస్తీలో, జహనుమాలో సర్వే ముగించుకుని వచ్చి, చెప్పులు విప్పుతూనే, "అత్తా, ఏం తిన్నారని అడిగే ముందు ఎలా తింటారో చూడాలట, మా మేడం చెప్పారు" అంది. నాకు ఒళ్ళు మండింది. ఆ మేడం ఒకప్పుడు నా క్లాస్‌మేటు. ఆ పాఠం ఆవిడ నేర్చుకున్న రోజున, అదే గదిలో, గోడవారన ముక్కాలిపీట మీద నేనూ కూర్చుని ఉన్నాను.

మా నాన్నగారు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన సర్కారు గుమాస్తా, అఫ్జల్‌గంజ్‌లో అద్దెకుండేవాళ్ళం. ఆమెది కార్వాన్, తరాలుగా బట్టల వ్యాపారం చేసే ముస్లిం కుటుంబం. క్లాసులో మార్కులన్నీ నావి, మనుషులంతా ఆమెవాళ్ళు. ఆటోవాడి దగ్గర్నుంచి ల్యాబ్ అటెండరు దాకా అందరికీ ఆమె కావాలి, తెలుగులో మొదలుపెట్టి ఉర్దూలో నవ్వించి పంపేది, నేను పక్కన సంచీ పట్టుకుని నిలబడేదాన్ని. మా ఎమ్మెస్సీ చివరి ఏడు, ఢిల్లీలో ఆహార విధానాల పై చదువుకు మా శాఖ నుంచి ఒక్కరినే పంపుతామన్నారు, ఫీల్డ్ వర్క్ ఎవరిది బాగుంటే వాళ్ళని. ఆ సీటు నాదేనని మా ఇంట్లో అందరూ అనుకున్నారు, అందరికంటే ముందు నేను అనుకున్నాను.

ఫీల్డ్ వర్క్‌కి జహనుమాలో ఒక ముసలమ్మ ఇల్లు మా ఇద్దరికీ పడింది. ఒకరి లెక్కలు ఇంకొకరు సరిచూడాలన్నది మా ప్రొఫెసర్ పద్ధతి. మొదటిరోజు నా వంతు. మధ్యాహ్నం నేల మీద భోజనాల గుడ్డ, దస్తర్‌ఖాన్, పరిచి, పెద్ద పళ్ళెంలో అన్నం, దాని మీద కీమా వేసి, ముసలమ్మ, కొడుకు, కడుపుతో ఉన్న కోడలు, పిల్లలు చుట్టూ చేరారు. ఒకే పళ్ళెంలో అన్ని చేతులు చూడగానే, ఎంగిలి పట్టింపుల ఇంట్లో పెరిగినదాన్ని, నా పీట గోడవారకు జరుపుకున్నాను. పైగా ఎవరెంత తిన్నారో నా కొలత గిన్నెలతో కొలిచేదెలా? వేర్వేరు కంచాల్లో వడ్డించమని అడిగాను. ముసలమ్మ, "ఏంది బిడ్డా, మా ఇంట్ల గిట్ల ఎవ్వరం తినం. సరే తియ్, నీ సదువు కోసం తింటం" అంది. కంచం కంచానికీ కొలిచి రాసుకున్నాను. కోడలు తన కంచంలో వడ్డించినదంతా నా ముందు తినేసింది. భేషుగ్గా తింటోందని రాశాను.

మర్నాడు నా క్లాస్‌మేటు వంతు, నేను తోడు వెళ్ళాను. ఆమె గిన్నెలు సంచీలోంచి తియ్యనే లేదు, చేతులు కడుక్కుని పళ్ళెం దగ్గర చోటు చేసుకుని కూర్చుంది. ముసలమ్మ నన్నూ రమ్మంది. తినే వచ్చానన్నాను, ఆకలి దంచేస్తోంది. అక్కడ కూర్చుని తింటూ ఆమె చూసిందేమిటంటే, కోడలు తన వైపు వచ్చిన కీమానంతా మునివేళ్ళతో మెల్లగా పిల్లల వైపు నెడుతోంది, తను ఒట్టి అన్నమే తింటూ కీమా కూడా తిన్నట్టు కనిపిస్తోంది. ఇంటికి ఇంత రేషన్ అని లెక్క కడితే గర్భిణి నోటి దాకా ఏం చేరుతుందో తెలియదని ఆమె రాసింది. ఢిల్లీ సీటు ఆమెకొచ్చింది. మిఠాయి పట్టుకుని మా ఇంటికి వస్తే తీసుకుని, నవ్వి, తలుపేసుకుని ఏడ్చాను.

నాకు సర్కారు ఉద్యోగం వచ్చింది, అంగన్‌వాడీలు తనిఖీ చేస్తూ రిటైరయ్యాను. ఆమె పేరు పేపర్లో కనబడినప్పుడల్లా పేజీ తిప్పేసేదాన్ని. చెప్పుకుంటే సిగ్గుచేటు, ఈ వయసులోనూ కడుపు మండుతూనే ఉంది, కానీ ఏళ్ళు గడిచేకొద్దీ ఢిల్లీ సంగతి మరుగున పడి, ఆ పళ్ళెం అంచున ముసలమ్మ జరిగి ఇచ్చిన చోటే కళ్ళముందు నిలుస్తోంది. ఆ చోటు నాకూ ఇచ్చింది, నేనే కూర్చోలేదు.

ఇప్పుడు జహనుమాలోనూ చాలా ఇళ్ళల్లో ఎవరి కంచం వాళ్ళదేనట, ఫోన్లో తెప్పించుకునే భోజనం డబ్బాలు ఎవరివి వాళ్ళవేనట. మేడం ఇంట్లో మాత్రం శనివారాలు విద్యార్థులంతా ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుంటారని, నన్నూ తీసుకురమ్మన్నారని మా పిల్ల చెప్పింది. మోకాళ్ళ నొప్పులని చెప్పమన్నాను.

ఆ రాత్రి పిల్ల కంచం పట్టుకుని లాప్‌టాప్ ముందుకు వెళ్ళింది, మావారు పుల్కాలతో టీవీ ముందుకు, నేను వంటింట్లో నిలబడే తిన్నాను. జహనుమాలో పనికిరాని నా పద్ధతి మా ఇంట్లో చక్కగా పనిచేస్తుంది, ఎవరెంత తిన్నారో గ్రాములతో సహా చెప్పగలను. ఎవరు ఎవరి వైపు ఒక ముద్ద నెట్టారో రాయడానికే ఏమీ ఉండదు.