మా చెల్లెలి మీద వచ్చిన వార్త

మా చెల్లెలు నాలుగు వందల మీటర్ల పరుగులో రాష్ట్రం తరఫున పోటీ పడుతుంది. నగరిలో నాయనకు మరమగ్గాలున్నాయి. ఆమె మాత్రం తిరుపతిలో నా దగ్గర ఉండి స్టేడియంలో సాధన చేస్తుంది. నేను ఇక్కడే ఒక బడిలో లెక్కల టీచర్ని.

మొన్నటి వేసవిలో ఒక పోటీ అయ్యాక ఆమె దగ్గర మూత్రం నమూనా తీసుకున్నారు. కొన్ని వారాలకు డోపింగ్ నిరోధక సంస్థ నుంచి మెయిల్ వచ్చింది. నమూనాలో నిషేధించిన మందు కనిపించిందట. సంజాయిషీ ఇవ్వచ్చు, అదే నమూనాలో విడిగా దాచి ఉంచిన రెండో సీసాను కూడా పరీక్షించమని అడగచ్చు, విచారణ తేలేదాకా పోటీలకు మాత్రం వెళ్లకూడదు. ఇద్దరం కూర్చుని ఆ రోజుల్లో ఏమేం మింగిందో గుర్తు చేసుకున్నాం. పోటీకి ముందు దగ్గు తగ్గకపోతే మా వీధి డాక్టరు సిరప్ రాసిచ్చాడు. అడిగితే ఆయనే ఒప్పుకున్నాడు.

"ఆ మందు దాంట్లోనే ఉండాదమ్మా. పరిగెత్తే పిల్లని తెలిసుంటే వేరేది రాసుందును."

చెప్పకపోవడం మా పొరపాటే. ఆ మాటే జవాబులో రాసుకుంటున్నాం. ఇంతలో, ఎవరు చేరవేశారో గానీ, ఒక చానల్లో చెల్లెలి ఫొటో వచ్చింది. కింద 'డ్రగ్స్‌తో దొరికిన రన్నర్' అని పెద్ద అక్షరాలు, పక్కన ఎక్కడివో తెల్లపొడి పొట్లాలు. దగ్గుమందు ఊసు లేదు. విచారణ ఇంకా మొదలే కాలేదన్న మాట అసలే లేదు.

సాయంత్రానికి నగరిలో మా ఇంటి ముందు మైకు పెట్టారు. నాయన మగ్గం ఆపి బయటికొచ్చాడు.

"మీ అమ్మాయికి ఈ అలవాటు ఎప్పట్నుంచి?" అని అడిగాడు విలేకరి.

"అలవాటేందప్పా? మందు తాగినాది, దగ్గుకు. డాక్టరు రాసిచ్చిందే."

టీవీలో 'మందు తాగినాది' వరకే వేశారు. అదే ముక్క మళ్లీ మళ్లీ తిప్పారు. పక్కింటావిడ మా అమ్మ దగ్గరికొచ్చి, "గంజాయా, సారాయా?" అని గుసగుసగా అడిగిందట. అమ్మ వారం పాటు కొళాయి దగ్గరికి పోలేదు.

నేను విలేకర్లకు ఫోన్ చేసి అసలు సంగతి చెబుతానన్నాను. విచారణ నడుస్తుండగా ఏదీ బయట మాట్లాడవద్దని మా తరఫు వకీలు ఆపాడు. నియమం పాటించిన మేం నోరు మూసుకున్నాం. పాటించని వాళ్లు రోజూ మాట్లాడారు.

విచారణ కొన్ని నెలల తర్వాత వీడియోలో జరిగింది. విచారించినవాళ్లు గట్టిగానే అడిగారు గానీ, చెప్పింది చివరిదాకా విన్నారు. డాక్టరు కూడా వచ్చి ఉన్నది చెప్పాడు. కావాలని వాడింది కాదని తేల్చి, హెచ్చరించి, పరిగెత్తవచ్చన్నారు. అప్పటికే జాతీయ జట్టు ఎంపికలు అయిపోయాయి.

ఆ తీర్పు పట్టుకుని నేను తిరుపతిలోని చానల్ ఆఫీసుకు వెళ్లాను. అక్కడి ఇన్‌ఛార్జి కూర్చోమని టీ తెప్పించాడు.

"అప్పుడది బ్రేకింగ్ మేడమ్. ఇప్పుడు దీన్ని ఎవరు సూస్తారు?"

"అప్పుడు చూసినవాళ్లే," అన్నాను.

ఆయన నవ్వి ఫోన్ ఎత్తుకున్నాడు. ఆ టీ ముట్టకుండానే వచ్చేశాను.

తర్వాత ఒక పత్రికలో, లోపలి పేజీలో, ప్రకటనల పక్కన చిన్న వార్త పడింది. 'డోపింగ్ కేసు: హెచ్చరికతో బయటపడిన రన్నర్.' చెల్లెలు బూట్లు వేసుకుంటూ అది చూసింది.

"బయటపడడమేందక్కా? నేనేమన్నా దాంకున్నానా? పిలిస్తే పోయినాను, అడిగినదానికల్లా చెప్పినాను గదా."

ఆమె లేసులు బిగించుకుని స్టేడియానికి వెళ్లిపోయింది. పాత వీడియో తీసేయమని నేను ఆ చానల్‌కు ఇంకా రాస్తూనే ఉన్నాను. పరిశీలిస్తామని వాళ్లూ జవాబిస్తూనే ఉన్నారు.