లాండ్రీ టెంటులో మామా పాట

2004 వేసవి. ఇరాక్‌లో యుద్ధం, పక్క అరబ్బు దేశంలో మా క్యాంపు. విమానాశ్రయం నుంచి మమ్మల్ని తీసుకెళ్లిన బస్సు కిటికీలకు పరదాలు వేసి ఉన్నాయి. తీయకూడదని ఆర్డరు. ఆఖరి ఊరు జహ్రా దాటామని ముందు సీట్లో ఉన్న సార్జెంటు చెప్పాడు. ఆ తర్వాత ఇళ్లు లేవు. కరెంటు స్తంభాలు, ఒంటెలు, ఇసుక. మా గోదావరి ఇసుకలా గరుగ్గా ఉండదు ఆ ఇసుక. గోధుమపిండిలా ఉంటుంది. క్యాంపు గేటు దగ్గర దిగగానే మొదటి గాలికే పళ్ల మధ్యకు చేరింది.

నేను పదో తరగతి దాకా రాజమండ్రిలో చదివాను. అమ్మకు నర్సు ఉద్యోగం వచ్చి అమెరికా వెళ్లాం. అక్కడే సైన్యంలో చేరాను. నలుగురిలో నోరు విప్పని మనిషినని స్టోర్లో వేశారు. నా సామాను రైఫిల్, హెల్మెట్, గ్యాస్ మాస్కు, నీళ్ల సంచి. వాటన్నిటి అడుగున నా డైరీ, ఒక పుస్తకం. యుద్ధానికి పుస్తకం పట్టుకెళ్లావా అని ఇప్పుడు ఇంటి దగ్గరివాళ్లు నవ్వుతారు. సైన్యంలో ఎక్కువ పని ఎదురుచూడటమే. పుస్తకం లేనివాళ్లకే కష్టం.

అది పాటల చరిత్ర. నూట నలభై ఏళ్ల కిందట అమెరికా ఉత్తర, దక్షిణ రాష్ట్రాలు బానిసత్వం మీద కొట్టుకున్నాయి. ఆ రోజుల్లో కలిగినవాళ్ల ఇంటి ముందుగదిలో పియానో ఉండేది. సాయంత్రాలు దాని చుట్టూ చేరి ఆడవాళ్లు పాడేవారు. యుద్ధానికి వెళ్లిన కొడుకు, ఖాళీగా ఉన్న కుర్చీ, ఆస్పత్రి మంచం మీద అమ్మను తలుచుకునే కుర్రాడు. ఆ పాటలే సిపాయిల జేబుల్లో యుద్ధానికి వెళ్లాయి. వరస ఒకటే. ఉత్తరం వాళ్ల మాటలు వేరు, దక్షిణం వాళ్ల మాటలు వేరు.

మా ట్రక్కు డ్రైవరు దక్షిణాదివాడు. ముత్తవ్వ దగ్గర్నుంచి వచ్చిన పాటలు అతనికి నోటికి వచ్చు. బాంజో వాయించేవాడు. డోలుకు తీగలు బిగించినట్టుంటుంది ఆ వాయిద్యం. మెకానిక్కు ఉత్తరాదివాడు. డ్రైవరు ఒక చరణం పాడితే, అదే వరసలో తమవైపు మాటలు పాడేవాడు.

“మీరు ఓడిపోయారు, గుర్తుందా?” అనేవాడు మెకానిక్కు.

“పాటలో ఓడలేదుగా,” అనేవాడు డ్రైవరు.

రెండో వారంలో కాపలా డ్యూటీలో ఉన్న ఒక కుర్రాడు ఆ పాటలు విని వెక్కివెక్కి ఏడ్చాడు. కెప్టెన్ అందర్నీ నిలబెట్టాడు. “టెంటుల్లో ఇంటి పాటలు బంద్. అంతే.”

ఆ పాత యుద్ధంలోనూ కొందరు అధికారులు ఇదే ఆర్డరు వేశారని నేను డ్రైవరుతో మెల్లగా అన్నాను.

“ఆ పుస్తకం మాత్రం కెప్టెన్‌కి ఇవ్వకు తల్లీ,” అన్నాడు.

అప్పట్నుంచి అతను బాంజో తీసుకుని లాండ్రీ టెంటుకు పోయేవాడు. అక్కడ వాషింగ్ మెషిన్ల మోతలో బయటికి ఏమీ వినపడదు. సైనికుల బట్టలు లెక్క చూసుకోవడం నా పని కాబట్టి నేనూ అక్కడే ఉండేదాన్ని.

లాండ్రీలో రమణమ్మక్క పనిచేసేది. ఊరు రాయచోటి దగ్గర. మొదట జహ్రాలో ఒక అరబ్బు ఇంట్లో పనిమనిషిగా ఉంది. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, వదిలిపెట్టాక క్యాంపు కాంట్రాక్టరు దగ్గర చేరింది. నేను తెలుగమ్మాయినని తెలిసిన రోజు నా యూనిఫాం చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఒక మధ్యాహ్నం డ్రైవరు కళ్లు మూసుకుని పాడుతున్నాడు. ప్రతి చరణం చివరా “మామా” అని సాగదీస్తున్నాడు. అక్క ఇస్త్రీ ఆపి నా దగ్గరికొచ్చింది.

“ఏంది పాపా, ఇంత లావు మొగోడు మామా కోసం ఏడుస్తాండాడు?”

“మామా అంటే వాళ్లమ్మ అక్కా.”

“అమ్మా!” అక్క నోటి మీద చెయ్యేసుకుంది. “నేనింకా మాలాగే యాడన్నా ఇంట్లో పన్జేసినాడేమో అనుకున్యా. మామా అంటే మాకు అరబ్బు ఇంటి సేటమ్మ గదా. ఆయమ్మ అరిస్తే ఏడ్చేది మేము. ఆయమ్మ కోసం ఎవురన్నా ఏడుస్తారా?”

డ్రైవరుకు చెప్పాను. బాంజో ఒళ్లో పెట్టుకుని నవ్వాడు. ఆనక నవ్వు ఆపి, “ఆమెను ఆమె మాటలతో పాడమను,” అన్నాడు.

అక్క నాలుగు రోజులు సిగ్గుపడింది. అయిదో రోజు మెషిన్ల వైపు తిరిగి, మాకు వీపు పెట్టి పాడింది.

మామా మామా, గేటు తీయవే
మా పాప నిద్దర లేచేలోగా
మబ్బున బోయి మొగం జూసి
మళ్లా వస్తా, గేటు తీయవే

“మామాను ‘తీయవే’ అంటున్నావేంటక్కా?” అన్నాను.

“పాటలోనన్నా అననీ పాపా.”

వరస అదే. ఆ ముందుగదుల్లో పియానో మీద దుమ్ము తుడిచిన బానిస ఆడవాళ్లు ఆ వరసకు ఏ మాటలు పెట్టుకున్నారో నా పుస్తకంలో లేదు. ఆ రోజు డైరీలో అదొక్కటే రాసుకున్నాను.

అక్కకు ఎనిమిదేళ్ల కూతురు. మూడేళ్లప్పుడు అవ్వ దగ్గర వదిలి వచ్చింది. ఇన్నేళ్లలో ఒక్కసారీ వెళ్లలేదు. “ఫోన్‌జేస్తే ‘ఎవురు?’ అంటాది పాపా. అమ్మనే అంటే ‘ఏ అమ్మ?’ అంటాది. నా గొంతు రోజూ దాని చెవిలో పడాల. ఈ పాట టేపులో పట్టిచ్చి పంపీయమని అడుగు ఆయప్పను.” ఊరికి పోతున్న బంధువు ఒకాయన ఉన్నాడట. ఆయన చేతికి ఇచ్చి పంపాలని.

డ్రైవరు దగ్గర చిన్న టేప్‌రికార్డరు ఉంది. ఇరాక్ వైపు కాన్వాయ్ బయల్దేరే ముందు రోజు పాట పట్టాలనుకున్నాం. ఆ రోజే ఇసుక తుఫాను లేచింది. ఆకాశం ఇటుక రంగుకు తిరిగింది. జనరేటరు ఆగింది, మెషిన్లు ఆగాయి. టెంటు గుడ్డ టపటపా కొట్టుకుంటోంది. అయినా పాడింది. ఈసారి మా వైపు తిరిగి పాడింది. డ్రైవరు బాంజో మీద ఇసుక పడకుండా చొక్కా కప్పి, దాని కిందే వాయించాడు.

తిప్పి వింటే గొంతుకన్నా గుడ్డ చప్పుడే ఎక్కువుంది.

“అవతలి క్యాంపులో రేడియో మెకానిక్కు ఉన్నాడు. చప్పుడు తగ్గించి ఇస్తాడు,” అన్నాడు డ్రైవరు. టేపు జేబులో వేసుకున్నాడు. మాసిన యూనిఫాం మూట బల్ల మీద పెట్టి, టోకెన్ తీసుకున్నాడు. “వచ్చేసరికి ఉతికి పెట్టమను.”

“యల్లా, పోయి రా నాయనా,” అంది అక్క.

మూడో రోజు ఉదయం స్టోరు పక్క బల్ల మీద రేడియో పలికింది. కాన్వాయ్‌లో మూడో ట్రక్కు మా డ్రైవరుది.

“మూడో ట్రక్కుకు దెబ్బ. కాలుతోంది. ఓవర్.”

“డ్రైవరు?” అని అడిగాడు ఇటువైపువాడు.

“బయటికి లాగాం. ఊపిరుంది. హెలికాప్టర్ కావాలి. ఓవర్.”

లాండ్రీకి వెళ్లాను. అక్క నా మొహం చూసి ఇస్త్రీపెట్టె నిలబెట్టింది.

“ఆయప్ప ఖలాసా?”

“లేదక్కా. బతికే ఉన్నాడు. ఆస్పత్రికి తీసుకెళ్లారు. ట్రక్కు కాలిపోయింది. అందులోదేదీ మిగల్లేదు.”

“మరి వస్తాడులే.” టేపు గురించి అడగలేదు.

క్యాంపు కొట్లో ఒక టేప్‌రికార్డరు కొని తీసుకెళ్లాను. మళ్లీ పాడమన్నాను. అక్క దాన్ని ముట్టుకోలేదు.

“వద్దు పాపా. కాలిపోయిన పాటను బిడ్డకాడికి పంపిస్తారా? ఆయప్ప రానీ. ఆయప్ప వాయిస్తే పాడతా.”

“పోనీ ఇంకో పాట పాడక్కా.”

“ఇంకోటి నాకు రాదే.”

డ్రైవరును జర్మనీలో ఆస్పత్రికి, అక్కణ్నుంచి ఇంటికి పంపారని విన్నాం. అంతకుమించి తెలియలేదు. బాంజోను మెకానిక్కు ప్యాక్ చేసి పంపాడు. తీగలు వదులు చేయాలా వద్దా అని నన్ను అడిగాడు. నాకు తెలియదన్నాను. అక్క బంధువు ఉత్త చేతులతో ఊరికి వెళ్లాడు.

యజమాని రాని బట్టలను నెల దాటితే స్టోరుకు తిప్పాలి. అది నా డ్యూటీ. నెల దాటాక వెళ్లి డ్రైవరు మూట అడిగాను.

“ఇంకా ఆరలేదు పాపా,” అంది అక్క.

ఆ ఎండలో నీళ్లు పిండి తీగ మీద వేసిన చొక్కా మనం వెనక్కి తిరిగేలోగా బిర్రబిగుసుకుపోతుంది. నేను సరేనని వచ్చేశాను. మరుసటి వారం మళ్లీ అడిగాను. అదే మాట. రోజూ దుమ్ము పడుతుందని అతని చొక్కాను రోజూ మళ్లీ ఉతుకుతోంది. తర్వాత అడగటం మానేశాను.

నా డ్యూటీ ముగిసేనాటికి చలి మొదలైంది. నా దగ్గరున్న రికార్డరు అక్కకే ఇచ్చాను. తలగడ కింద పెట్టుకుంటానంది. ఆయప్ప వచ్చినప్పుడు కావాలి కదా అంది. బస్సు తెల్లవారుజామున కదిలింది. పరదాలు వేసే ఉన్నాయి. గేటు మలుపు దగ్గర నా పక్క పరదా కొంచెం తీశాను.

ఇప్పుడు నేను సైన్యంలో లేను. అక్కడ ఏం చూశావని ఇక్కడ అడుగుతారు. ట్రక్కు కాలడం నేను చూడలేదు, విన్నాను. చూసింది ఇది. లాండ్రీ టెంటు వెనక, తీగ దగ్గర, రమణమ్మక్క ఆ చొక్కాను భుజాల దగ్గర పట్టుకుని తన ఎదురుగా ఎత్తింది. చాలా కాలానికి చూసిన బిడ్డను ఎంత ఎదిగిందో అని ఎత్తి చూసినట్టు. పెదవులు కదులుతున్నాయి. గాలికి చొక్కా చేతులు రెండూ ఊగుతున్నాయి. అది పూర్తిగా ఆరిపోయి ఉంది.