జయరాజ్ సిర్కా కంటే మంచి సిర్కా

శుక్రవారం ఉదయం ఆరూ ఇరవైకి నేను డాబా మీద దండేనికి తువ్వాలు ఆరేస్తున్నాను. ఆదివారానికల్లా మా చర్చి క్వయర్‌లో పాడే ఆరుగురు ఆడవాళ్ళూ నా ముఖం చూడరని, ఆ ఆరుగురిలో నా భార్య శాంత కూడా ఉంటుందని అప్పటికింకా తెలియదు.

పత్రికలో చాలా ఏళ్ళు డెస్కు మీద పనిచేసి రిటైరయ్యాను. శాంత ఇంకా ప్రభుత్వాసుపత్రిలో నర్సు. అందుకని ఇంట్లో బట్టల శాఖ నాకు దక్కింది. కింది పోర్షన్‌లో జయరాజ్ ఉంటాడు. బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరయ్యాడు. వాళ్ళింట్లోనూ బట్టల శాఖ ఆయనదే. ఆయన మెషిన్, మా మెషిన్ ఒకే షాపులో, ఒకే పండుగ ఆఫర్‌లో కొన్నాం. నీళ్ళు ఒకే ట్యాంకువి, ఎండ ఒకే డాబాది. అయినా ఆయన దండెం దగ్గర ఆగి మెచ్చుకునే మనుషులు నా దండెం దగ్గర కొంచెం జరిగి నడుస్తారు.

కారణం వాసన. బహదూర్‌పురాలో ఇల్లు కాబట్టి కొన్నాళ్ళు దాన్ని జూపార్కు మీదికి నెట్టాను. గాలి అటునుంచి వస్తోందన్నాను. గాలి మారిన రోజున కూడా నా బనీన్లు అదే కంపు కొట్టడంతో ఆ వార్త నిలబడలేదు.

ఆ శుక్రవారం శాంత పైకి వచ్చింది. నేను ఆరేసిన తువ్వాలు వాసన చూసి వదిలేసింది. నేరుగా జయరాజ్ దండెం దగ్గరికి వెళ్ళి, ఆయన దిండు గలీబు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఇన్నేళ్ళ కాపురంలో నాకు సంబంధించిన ఏ వస్తువు దగ్గరా ఆమె అలా కళ్ళు మూసుకోగా చూడలేదు.

"ఆదివారం చర్చి వార్షికోత్సవం. క్వయర్ చీరలు ఈసారి గూడ జయరాజ్ అన్నకే ఇస్తం," అంది.

ఆరుగురివీ తెల్ల కాటన్ చీరలు. ఏటా ఉతికేది జయరాజే. ఏటా పాట అయ్యాక అందరూ ముందు చీరల సంగతి ఎత్తుతారు, తర్వాత పాట సంగతి. ఆయనేమో తల వంచుకుని "ఏం లేదన్నా, ఏం లేదక్కా" అంటాడు. ఆ వినయమే నాకు అరగదు.

"నాకియ్యి. నేను ఉతుకుత," అన్నాను.

"మన మెషిన్లనా?" అంది శాంత. ఆ ప్రశ్నలో ఉన్న భయం నన్ను ఇంకా రెచ్చగొట్టింది. రేపటికల్లా మెషిన్ కొత్తదానిలా ఉంటుందని మాటిచ్చాను. చివరికి చీరలు తెస్తానంది.

కిందికి దిగి మెషిన్ తలుపు చుట్టూ ఉన్న రబ్బరు మడత విప్పి చూశాను. లోపల నల్లటి బూజు, కాటుక దిద్దినట్టు చుట్టంతా ఉంది. ఒక హెయిర్‌పిన్, నానిపోయిన బస్సు టికెట్టు, ఎప్పుడో పోయిందనుకున్న నా సాక్సు కూడా దొరికాయి. పాత బ్రష్షుతో రుద్దాను. బ్రష్షు నల్లబడింది, బూజు మాత్రం అలాగే ఉంది.

గతిలేక జయరాజ్‌ని అడిగాను. ఎవరో చుట్టం కోసం అడుగుతున్నట్టు అడిగాను.

"ఏం లేదన్నా. సిర్కా," అన్నాడు. తర్వాత ఇంకా ఏదో చెప్పాడు: వేడినీళ్ళతో ఒట్టి మెషిన్ తిప్పాలని, ఉతికినంక రబ్బరు తుడవాలని, తలుపు తెరిచిపెట్టాలని. సిర్కా, అంటే వెనిగర్, అన్న మాట దొరికాక మిగతాది నేను సరిగా వినలేదు. హెడ్డింగ్ దొరికితే చాలనుకునే జబ్బు నాది.

మధ్యాహ్నం అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి ఉస్మాన్‌గంజ్ నడిచాను. జయరాజ్ సామాన్లు తెచ్చుకునే కొట్టు నాకు తెలుసు. గల్లాపెట్టె వెనక సేఠ్ కూర్చుని ఉన్నాడు. సిర్కా కావాలన్నాను. మా కింద ఉండే జయరాజ్ సార్ ఏది కొంటాడని కూడా అడిగాను.

"ఆయనది మామూలు తెల్లది సార్. సస్తా మాల్," అన్నాడు సేఠ్.

"అయితే నాకది వద్దు. దానికంటే మంచిది ఇయ్యిరి."

సేఠ్ నన్ను జాగ్రత్తగా చూశాడు. "తక్లీఫ్ ఎన్నాళ్ళ సంది?"

"ఆరేండ్ల సంది."

"మందు, దవాయి ఏమన్న వాడిన్రా?"

"పౌడర్లు మస్తు వాడినం. ఫాయిదా లేదు."

"ఇంట్ల ఎవరికి?"

"ఇంట్ల అందరికి అదే కదా," అన్నాను. ఉన్నది ఒకటే మెషిన్.

సేఠ్ ముఖంలో జాలి కనిపించింది. లేచి వెళ్ళి పైఅర నుంచి ముదురు రంగు సీసా ఒకటి దించాడు. "జామున్ సిర్కా. అస్లీ. దీని ముందట ఆ తెల్లది ఏం పనికిరాదు. పొద్దుగాల పరగడుపున పొయ్యిరి."

జామున్ అంటే నేరేడు పండని నాకు తెలుసు. జయరాజ్‌ది ఊరగాయల్లో పోసే సిర్కా, నాది పండ్ల సిర్కా. ఆ తేడా నాకు బాగా నచ్చింది. పరగడుపున అంటే లోపల బట్టలు లేకుండా అన్నమాట. సేఠ్‌కి మెషిన్ల గురించి కూడా తెలుసే అనుకుంటూ బస్సెక్కాను.

శనివారం పొద్దున ఒట్టి మెషిన్‌లో సగం సీసా పోసి వేడినీళ్ళతో తిప్పాను. అద్దంలోంచి చూస్తే నీళ్ళు వంకాయ రంగులోకి మారాయి. ఆరేళ్ళ మురికి వదులుతోందని సంతోషించాను. ఆగాక తలుపు తీశాను. కంపు లేదు. శాంత తల లోపలికి పెట్టి వాసన చూసి, "మంచిగనే ఉంది," అంది. ఆ మాటకి నేను పొంగిపోయాను. అక్కడితో ఆగితే సరిపోయేది. జయరాజ్ చీరల కంటే ఘుమఘుమలాడాలని, మిగిలిన సగం సీసా సొరుగులో సువాసన ద్రవం పోసే అరలో పోసేశాను. ఆ అరలోది మెషిన్ చివరి జాడింపులో లాక్కుంటుంది. ఆ తర్వాత ఇక జాడించదు.

ఆరు తెల్లచీరలు వేసి మీట నొక్కి, ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

తలుపు తీసింది శాంతే. మొదటి చీర బయటికి లాగి రెండు చేతులతో పట్టుకుని చూసింది. మధ్యలో ఊదా, కుచ్చిళ్ళ దగ్గర నీలం, కొంగు మీద బూడిద రంగులో చిన్న సైజు దేశపటం. మిగతా ఐదూ అంతే. ఏ రెండూ ఒకలా లేవు.

"ఏం పోసినవ్?" అని మెల్లగా అడిగింది. శాంత మెల్లగా మాట్లాడితే ఇంట్లో గడియారం కూడా జాగ్రత్తపడుతుంది.

సీసా చూపించాను. అప్పటికే మెట్ల మీద జయరాజ్ ఉన్నాడు, చీరలు ఎలా వచ్చాయో చూద్దామని వచ్చాడట. సీసా అందుకుని, కళ్ళజోడు పైకి జరిపి లేబుల్ చదివాడు.

"అన్నా, ఇది షుగరున్నోళ్ళు తాగేది," అన్నాడు. నవ్వలేదు. నవ్వి ఉంటే కొంత బాగుండేది. తడి చీరలన్నీ బకెట్టులో సర్దుకుని, "ఏం లేదక్కా, నేను సూస్త," అని శాంతకు చెప్పి కిందికి తీసుకుపోయాడు. తెల్లగా చేయడం ఆయన వల్ల కూడా కాదని నాకు గట్టి నమ్మకం. నిజం చెప్పాలంటే, కాకూడదని ఆశ.

"రేపు నువ్వు చర్చికి రాకు," అంది శాంత. నేను వెళ్ళలేదు. సాయంత్రం ఆమె పొద్దున కట్టుకెళ్ళిన మామూలు చీరలోనే తిరిగొచ్చింది. ఎవరి చీరలు వాళ్ళు కట్టుకుని ఉంటారనుకున్నాను. మెషిన్ తలుపు తెరిచిపెట్టాను, రబ్బరు తుడిచాను. మాట్లాడేవాళ్ళు లేరు కాబట్టి తీరిక బాగానే దొరికింది.

బుధవారం పాలప్యాకెట్ కోసం వెళ్తే చర్చిలో కీబోర్డు వాయించే శామ్యూల్ కలిసి ఫోన్‌లో ఫొటో చూపించాడు. ఆరుగురు ఆడవాళ్ళు వరుసగా నిలబడ్డారు. ఆరు చీరలూ ఒకటే ఊదా రంగు, ఎక్కడా మరక లేదు. శనివారం సాయంత్రమే జయరాజ్ అఫ్జల్‌గంజ్ వెళ్ళి రంగుపొడి తెచ్చి, నా మరకలన్నీ కలిసిపోయేట్టు ముంచాడట. ఆ రంగు సికింద్రాబాద్ నుంచి వచ్చిన ఇంకో చర్చి క్వయర్‌కి ఎంతో నచ్చి, తమ చీరలకు కూడా వేసిపెట్టమని అడిగారట.

జయరాజ్‌ని.