అక్కకిచ్చిన బటన్ రోజా తొట్టి

పెళ్ళయిన ఏడాదిలోపే మా అక్క తలలో పూలు పెట్టుకోవడం మానేసింది. మద్రాసులో, మాలాంటి ఇళ్ళల్లో, ముత్తయిదువ వట్టి జడతో తిరిగితే ఎవరైనా ఆగి చూస్తారు. మేం పెరంబూరులో ఉండేవాళ్ళం. నాయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. అక్కను వ్యాసర్పాడిలో ఇచ్చారు. బావ కట్టెల అడితిలో మేస్త్రీ.

ఒక ఆదివారం చూడ్డానికి వెళ్ళి, "పూలేవక్కా?" అని అడిగాను. మాట దాటేసింది. మళ్ళీ అడిగితే రవిక చెయ్యి పైకి జరిపి చూపించింది. మోచేతి పైన వేళ్ళ అచ్చులు నల్లగా కమిలి ఉన్నాయి. వాకిట్లో పూలాయనతో బేరమాడుతూ నవ్విందట. అదీ ఆమె చేసిన నేరం.

"నవ్వినానో లేదో నాకే తెలీదు మే," అంది అక్క. "మీ బావకు తెలుసంట."

మా వరసలో చివరి ఇంట్లో ఒక ఆంగ్లో ఇండియన్ దొరసాని ఉండేది. ఆమె మొగుడు ఇంజను డ్రైవరు. ఆమె దగ్గర బటన్ రోజాలుండేవి. చెట్టు జానెడు, పువ్వు బొత్తాం కంటే కాస్త పెద్దది, అయినా నిండా రేకులు. అక్కే ఇంట్లో పూలు పూయించుకుంటే ఇంక వాకిట్లో ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు గదా అనుకున్నాను. అడిగితే దొరసాని కొమ్మ కత్తిరించి ఇచ్చింది. ఎర్రమన్ను, ఇసక, బాగా మాగిన పేడ కలిపి నాటమంది. పొద్దుటి ఎండ తగలాలనీ, సాయంత్రం ఆకుల మీద నీళ్ళు పడకూడదనీ, వాడిన పువ్వును ఐదాకుల రెమ్మ పైన కత్తిరిస్తే మళ్ళీ మొగ్గ వస్తుందనీ వచ్చీరాని అరవంలో చెప్పింది. మొదటి కొమ్మ ఎండిపోయింది. రెండోది పట్టుకుంది. మొగ్గ తొడిగాక తొట్టిని ఒళ్ళో పెట్టుకుని రిక్షాలో వ్యాసర్పాడికి తీసుకుపోయాను.

"ముళ్ళ చెట్టు ఈడెందుకు?" అంది అక్క అత్తగారు.

బావ మాత్రం నవ్వాడు. "మరదలు తెచ్చింది గదా, ఉండనీ."

అక్క ఆ చెట్టును పసిబిడ్డను సాకినట్టు సాకింది. పేనుబంక పడితే సబ్బునీళ్ళతో ఒక్కొక్క ఆకూ తుడిచింది. ఎండ జరిగే కొద్దీ తొట్టిని బావి గట్టు నుంచి మెట్టు మీదికి, మెట్టు మీద నుంచి గోడ పక్కకి జరుపుకుంటూ వచ్చేది. నేను వెళ్ళినప్పుడల్లా ఆమె జడలో రెండో మూడో చిన్న ఎర్ర పూలు ఉండేవి.

ఒకసారి వెళ్ళేసరికి చెట్టు కిరసనాయిలు డబ్బాలో ఉంది. అక్క పై పెదవి చీలి ఉంది. పక్క పోర్షన్లో ఉండే పెద్దాయన "పూలు బాగుండాయమ్మా" అన్నాడట. బావ ఆ పూలతో సహా జడ గుప్పిట్లో పట్టి, వంటింటి నుంచి బావి దాకా ఈడ్చి, ముఖాన్ని గట్టుకేసి కొట్టాడట. తర్వాత తొట్టిని తన్నాడట. జనం చూస్తుండగానే అక్క పెంకుల్లోంచి వేళ్ళను మన్నుతో సహా ఏరి, తడి గోనెలో చుట్టి, ఈ డబ్బాలో నాటుకుంది.

"మనింటికి పోదాం రా," అన్నాను.

"పోయి?" అంది.

మళ్ళీ వెళ్ళినప్పుడు ఒక కొత్త మట్టి తొట్టి తీసుకుపోయాను. కాస్త మందంగా ఉండేది చూసి కొన్నాను. ఇద్దరం కూచుని చెట్టును అందులోకి మార్చాం.

ఆ మధ్యాహ్నం బావ అన్నానికి కూచున్నాడు. అన్నం మెత్తబడిందని కంచం గోడకేసి కొట్టాడు. అక్క వంగి మెతుకులు ఎత్తుతోంది. అతను పొయ్యి దగ్గరికి పోయి, అప్పుడే వార్చిన గంజిగిన్నె గుడ్డతో పట్టుకుని పెరట్లోకి వచ్చి, నా కళ్ళ ముందే ఆ చెట్టు మీద పోశాడు. ఆకులు ఉడికి వేలాడిపోయాయి. అక్క పరిగెత్తుకుంటూ వచ్చింది. గిన్నెలో మిగిలిన గంజి ఆమె భుజం మీద కుమ్మరించాడు.

ఆమె అరిచిన అరుపు నాకిప్పటికీ వినబడుతుంది. అరుస్తూనే తొట్టిని రెండు చేతులా ఎత్తి అతని ముఖం మీద వేసింది. ముక్కు విరిగిన చప్పుడు విన్నాను. అతను బావి పక్కన కూలబడ్డాడు. ముఖమంతా నెత్తురు, మన్ను. అత్తగారు గుండెలు బాదుకుంటూ వచ్చి అక్కను చీపురుతో కొట్టింది. నేను ఆ చీపురు లాక్కుని ఆమెను తోసేశాను. భుజానికి తడి గుడ్డ కప్పి, అక్కను నడిపించుకుంటూ పెరంబూరు తెచ్చాను. దారి పొడవునా జనం చూశారు. ఆమె తల దించలేదు.

అమ్మ గుమ్మంలోనే ఆపింది. "మొగుణ్ణి కొట్టొచ్చినావా? ఊరంతా మన మొహాన ఉమ్మదా?"

"ఉమ్మనీ. కడుక్కుంటా," అంది అక్క.

కొన్నాళ్ళకు బావ ముక్కుకు కట్టుతో, ఇద్దరు తమ్ముళ్ళను వెంటబెట్టుకుని వచ్చాడు. మాటా మంతీ లేకుండా లోపలికి వచ్చి, కాలిన భుజం పట్టుకునే అక్కను లాగాడు. చర్మం ఊడి చేతికి వచ్చింది. నాయన ఎన్నడూ మా మీద చెయ్యెత్తిన మనిషి కాదు. మూలనున్న తలుపు గడియకర్ర తీసి అతని మోకాలి మీద కొట్టాడు. కింద పడ్డాక కూడా కొట్టాడు. తమ్ముళ్ళు నాయనను గోడకు అదిమి గొంతు పట్టుకున్నారు. చివరింటి ఇంజను డ్రైవరు పరిగెత్తుకొచ్చి విడిపించకపోతే ఆ రోజు ఎవరో ఒకరు పోయేవాళ్ళే.

"కాపురానికి ఇచ్చినా," అన్నాడు నాయన, రొప్పుతూ. "చంపుకోడానికి ఇయ్యలా."

ఆ మాట విన్నాక అమ్మ మళ్ళీ అక్కను పొమ్మనలేదు. భుజం మానడానికి చాలా కాలం పట్టింది. తర్వాత అక్క ఒక ఆస్పత్రిలో ఆయాగా చేరింది.

బావ మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడని తెలిసినప్పుడు, అతను అడితికి పోయే వేళ చూసుకుని అక్క ఒక్కతే వ్యాసర్పాడి వెళ్ళొచ్చింది.

"ఆ పిల్లతో ఏం చెప్పినావక్కా?"

"మన వీధి, మన ఇంటి గుర్తు. మరిచిపోకుండా తిరిగి చెప్పించుకున్నా."

"ఏమనింది?"

"ఎవరన్నా చూస్తారేమో, పొమ్మనింది."

రెండేళ్ళకు, ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఆ పిల్ల మా గుమ్మంలో నిలబడింది. చంకలో బిడ్డ. ఒక కన్ను వాచి మూసుకుపోయి ఉంది. అక్క బిడ్డను అందుకుని, కుంపటి మీద పాలు పెట్టింది.